నోటు వెనక చెల్లు

పత్తికట్టె ఇంకో నాలుగు ఎగదొయ్యరా అబ్బాయ్, మంట తగ్గుతోంది. కళ్లం కాడ కాపలా అన్నాక తెల్లారేదాకా ఏదో ఒకటి చెప్పుకోవాల్సిందే. ఆ మిరప వ్యాపారి ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టాడంట, ఇంక ఆయన్ని ఎవరూ ఏం చెయ్యలేరా తాతా అని అడిగావు గదా. చెయ్యొచ్చు. ఎంత చెయ్యొచ్చు అనేదే పేచీ. అది చెప్పాలంటే నేను నరసరావుపేటలో ప్లీడరు గారి దగ్గర గుమస్తాగా చేరిన రోజులు కూడా చాలవు, ఇంకా వెనక్కి, మా తాత కాలానికి పోవాలి.

మా తాతకు ఎనిమిదెకరాల నల్లరేగడి. ఎద్దులకైనా, విత్తనాలకైనా, ఆడపిల్ల పెళ్లికైనా షావుకారు అరుగే గతి. నోటు మీద అణా స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకమో వేలిముద్రో వేయించుకునేవాడు. నెలకు నూటికి రూపాయి అయితే ధర్మవడ్డీ. రెండయితే, ఏం చేస్తాం, అవసరం మనది. గింజల అప్పయితే నాగు, అంటే బస్తా తెచ్చుకుంటే పంటనాడు బస్తాన్నర కొలవాలి.

నోటుకు ఆయుష్షు మూడేళ్లు. అది అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. మూడేళ్లలోపు కోర్టుకు పోకపోతే కాలదోషం పట్టి ఆ కాయితం దేనికీ కొరగాదు. కాకపోతే బాకీదారు ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టాడా, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. అందుకే మూడో ఏడు ముగిసే ముందు షావుకారు తానే నడిచి మనింటికొచ్చేవాడు. ఏడాది పొడుగునా మనం ఆయన అరుగు కింద నిలబడితే, ఆ ఒక్క రోజు ఆయన మన మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడిగి తాగేవాడు. "పెద్దగా వద్దులే, అయిదు రూపాయలిచ్చి చెల్లు పడెయ్" అనేవాడు. అయిదు కూడా లేకపోతే నోటు తిరగరాత. వంద రూపాయల అసలుకు రెండు రూపాయల లెక్కన మూడేళ్ల వడ్డీ డెబ్బై రెండు, కలిపి నూట డెబ్బై రెండుకు కొత్త నోటు. ఇంకో మూడేళ్లకు అదే లెక్కన దాదాపు మూడొందలు. చేతికొచ్చింది మాత్రం ఆ మొదటి వందే.

1929 తర్వాత ప్రపంచమంతా బజార్లు పడిపోయాయి. ఇక్కడ వడ్లు, పత్తి, వేరుశనగ ధరలు సగానికి దిగజారాయి. నోటు మీద అంకె మాత్రం దిగలేదు. పది బస్తాలమ్మి తీర్చాల్సిన బాకీకి ఇరవై బస్తాలమ్మాల్సి వచ్చింది. నిడుబ్రోలు నుంచి రైతు నాయకుడు రంగా గారు రైతుల్ని కూడగట్టింది ఆ రోజుల్లోనే. మద్రాసు సర్కారు సత్యనాథన్ అనే అధికారి చేత రైతుల అప్పుల మీద విచారణ చేయించింది, 1935లో ఆయన నివేదిక వచ్చింది. మరుసటేడు రాజీ బోర్డులు పెట్టారు. అప్పు ఇచ్చినవాణ్నీ తీసుకున్నవాణ్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒప్పించాలని వాటి ఉద్దేశం. ఒప్పుకోకపోతే? అక్కడే ఆగేది బండి.

1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. రెవెన్యూ మంత్రి మన ఒంగోలు గడ్డ మీద పుట్టిన ప్రకాశం పంతులు గారు. 1938 మార్చి 22 నుంచి మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం అమల్లోకొచ్చింది. మా తాత దాన్ని జీవితాంతం 'నాలుగో ఆక్టు' అనే అనేవాడు, ఆ ఏడు వచ్చిన చట్టాల్లో దాని నంబరు నాలుగు.

ఆ చట్టం లెక్క ఎట్టా ఉండేదో చూడండి. 1932 అక్టోబరు 1 కంటే ముందు చేసిన అప్పయితే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకుపోయిన వడ్డీ మొత్తం కొట్టివేత. అసలు కడితే చాలు. అప్పటికే అసలూ వడ్డీ పేరు మీద అసలుకు రెట్టింపు కట్టేసి ఉంటే బాకీయే లేదు. రెట్టింపుకు తక్కువ కట్టి ఉంటే, ఆ తక్కువైనదో, మిగిలిన అసలో, రెండిట్లో ఏది చిన్నదైతే అది. నోటు ఎన్నిసార్లు తిరగరాసినా, అసలంటే మొట్టమొదట చేతికొచ్చిన డబ్బే. 1932 అక్టోబరు 1 నుంచి చేసిన అప్పులకైతే అయిదు శాతం వడ్డీతో లెక్క మళ్లీ కట్టాలి. చట్టం వచ్చాక చేసే అప్పులకు ఏడాదికి ఆరుంపావు శాతం మించి వడ్డీ చెల్లదు. కోర్టు డిక్రీ ఇచ్చేసిన బాకీనైనా సరే తిరగదోడి తగ్గించుకోవచ్చు.

మా తాత 1926లో మూడొందలు తెచ్చాడు. తిరగరాసి తిరగరాసి నోటు తొమ్మిదొందలు దాటింది. ప్లీడరు గారి దగ్గరికి పోతే ఆయన నోటు వంక కూడా చూడలేదంట. "మొదట నీ చేతిలో పడ్డదెంత? ఇప్పటిదాకా కట్టిందెంత?" అని రెండే అడిగాడంట. పడ్డది మూడొందలు, కట్టింది నాలుగొందల యాభై. రెట్టింపంటే ఆరొందలు గనక, ఇంకో నూట యాభై. తొమ్మిదొందల బాకీ నూట యాభైకొచ్చింది. మా తాత ఆ రాత్రి అన్నం తినకుండా ఆ లెక్కే వేళ్ల మీద వేసుకుంటూ కూర్చున్నాడని మా నాయనమ్మ చెప్పేది. మన పాత ధర్మశాస్త్రాల్లోనూ వడ్డీ అసలును మించకూడదనే ఉంది, దామదుపట్టు అంటారు. మద్రాసు రాజధానిలోని పల్లె కోర్టులు దాన్ని పట్టించుకునేవి కావు. నాలుగో ఆక్టు దాన్నే దొడ్డిదారిన లోపలికి తెచ్చింది.

ఇక్కడిదాకా వింటే షావుకారు రాక్షసుడు, రైతు మహానుభావుడు అనిపిస్తుంది. ఆగండి. మా నాయనమ్మ చెల్లెలు ఒకామె ఉండేది. పసితనంలోనే పసుపు కుంకుమలు పోయాయి. అత్తింటివాళ్లు మనోవర్తి కింద ఎనిమిదొందలిచ్చి చేతులు దులుపుకున్నారు. ఇల్లు లేదు, సెంటు భూమి లేదు, అన్న ఇంట్లో వసారాలో ఉండేది. ఆ ఎనిమిదొందలూ ముగ్గురు రైతులకు వడ్డీకిచ్చి, వచ్చే ధర్మవడ్డీతో బతికేది. ఆ ముగ్గురిలో మా తాత ఒకడు.

నాలుగో ఆక్టు రాగానే మా తాత ఈమె నోటుకు కూడా అదే లెక్క కట్టబోయాడు. కుదరలేదు. 1937 అక్టోబరు 1 నాటికి ఆ బాకీ తప్ప మరే ఆస్తీ లేని ఆడమనిషికి రావాల్సిన అప్పుకు, అసలు మూడు వేలు దాటకపోతే, ఆ చట్టం వర్తించదని అందులోనే రాశారు. ఆమెకు చదువు రాదు గానీ ఆ సంగతి ఎవరో చెప్పారు. "నీకు చట్టముంది, నాకూ ఉంది బావా" అందంట నవ్వుతూ. మా తాత పైసాతో సహా కట్టాడు, రెండేళ్లు గొణుక్కుంటూనే కట్టాడు. నా మటుకు నాకు ఆ చట్టం మొత్తంలో ఆ ఒక్క వాక్యం రాసినవాడికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అప్పిచ్చినవాళ్లంతా మేడల్లో ఉండరని వాడికి తెలుసు.

నేను గుమస్తాగా చేరేనాటికి కోర్టు పని ఎక్కువగా ఈపీలే, అంటే డిక్రీ అమలు పిటిషన్లు. దావా గెలవడం సులువు, వసూలు చెయ్యడం కష్టం. డిక్రీకి పన్నెండేళ్లు ప్రాణముంటుంది గదా, ఆ పన్నెండేళ్లూ మా బీరువాలోనే ఉండేవి కొన్ని. కోర్టు అమీనా వెంట నేనూ జప్తులకు పోయేవాణ్ని. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో అరవయ్యో సెక్షను నాకు నోటికొచ్చు. కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచం, పరుపు ముట్టకూడదు. ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యకూడని నగ, అంటే మన మంగళసూత్రం, ముట్టకూడదు. చేతిపనివాడి పనిముట్లు, రైతు నాగలి, బతుకు గడవడానికి కావాల్సిన ఎద్దులు, విత్తనాలు ముట్టకూడదు. రైతు కాపురముండే ఇల్లు కూడా ముట్టకూడదు, తానుగా తనఖా పెట్టుకుంటే తప్ప. పొద్దుగుంకాక, మళ్లీ తెల్లారేదాకా ఇంట్లో అడుగు పెట్టకూడదు. అందుకని కొందరు బాకీదార్లు తెల్లారకముందే పొలానికి పోయి, చీకటి పడ్డాకే ఇల్లు చేరేవాళ్లు.

ఒకసారి సత్తెనపల్లి అవతల ఒక ఊళ్లో జప్తు. ఇంట్లో చూడదగ్గ వస్తువల్లా పెద్ద ఇత్తడి గంగాళం ఒక్కటే, నలుగురు పట్టుకుంటే గానీ లేవదు. అమీనా జాబితాలో రాయబోతుంటే ఇంటి ముసలమ్మ అది వంటపాత్ర అంది. అప్పిచ్చినాయన మనిషి, "దీంట్లో ఎవరు వండుతారమ్మా, స్నానాల నీళ్లకు గదా" అన్నాడు. ఆమె ఏం మాట్లాడలేదు. మూడు రాళ్లు పెట్టింది, మనవళ్ల చేత గంగాళం ఎక్కించింది, నాలుగు బిందెల నీళ్లు పోసి, మానెడు బియ్యం వేసి, కింద నిప్పు పెట్టింది. బియ్యం ఉడికేదాకా మేమంతా అరుగు మీద కూర్చున్నాం. అమీనా ఆ జావ ఒక గ్లాసు తాగి, జాబితాలోంచి గంగాళం కొట్టేశాడు. అప్పిచ్చినాయన మీద నాకేం కోపం లేదు, ఆయన కూతురి పెళ్లి డబ్బది. ఆయన చివరికి పొలంలో ఎకరం వేలం వేయించి రాబట్టుకున్నాడు. పొలానికి మాత్రం ఆ అరవయ్యో సెక్షను అడ్డం రాదు.

జైలు కూడా ఉండేది. డబ్బు డిక్రీకి బాకీదారును సివిల్ జైల్లో పెట్టించొచ్చు. మొదట్లో ఆరు నెలల దాకా ఉండేది, 1976 సవరణతో మూడు నెలలకు తగ్గించారు. ఆడవాళ్లను ఈ లెక్కన పట్టుకోవడానికి వీల్లేదు. ఇంకో తిరకాసేమిటంటే, జైల్లో వాడి తిండి బత్తా అప్పిచ్చినవాడే ముందుగా కట్టాలి. ఒక నెల కట్టడం మానేస్తే బాకీదారును వదిలేస్తారు, అదే డిక్రీ కింద మళ్లీ పట్టుకోకూడదు. కడుపు మండి జైలుకు పంపినవాడే లోపల వాడికి కూడు పెట్టాలన్నమాట. 1980లో సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు తీర్పిచ్చారు, జాలీ జార్జి వర్గీస్ కేసు. కట్టే స్తోమత ఉండి ఎగ్గొట్టినవాడికే జైలు, లేక కట్టలేనివాడికి కాదు. ఉత్త పేదరికం నేరం కాదని దాని సారం.

తండ్రి అప్పు కొడుకు తీర్చాలనే మాట కూడా చెప్తా వినండి. పదమూడో శతాబ్దంలో కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు, ఇట్టాంటి రుణధర్మాలన్నీ మనవాళ్లకు అప్పటినుంచీ తెలుసు. తాగుడుకూ జూదానికీ చేసిన అప్పు కొడుక్కి అంటదు. తక్కినదానికి ఉమ్మడి ఆస్తిలో తన వాటా మేరకు బాధ్యుడు. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, కొడుకన్న ఒక్క కారణంతో తండ్రి బాకీకి కోర్టు వాణ్ని పట్టుకునే పద్ధతిని ఆ తర్వాతి అప్పులకు తీసేశారు. తండ్రి వదిలిపోయిన ఆస్తి మీద మటుకు బాకీ పోదు. మన ఊళ్లల్లో ఇది సగం మందికి తెలియదు, తెలిసినా చాలామంది కడుతూనే ఉన్నారు. పరువుకు సెక్షన్లుండవు.

1977లో రాష్ట్ర ప్రభుత్వం ఇంకో చట్టం తెచ్చింది. వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్లు, చిన్న రైతులు ప్రైవేటు వ్యక్తులకు పడ్డ బాకీలు రద్దన్నారు. బ్యాంకుల బాకీలు దాని కిందికి రావు. ఆ ఏడు మా ప్లీడరు గారి దగ్గరికి నోటు పట్టుకుని వచ్చేవాళ్లు తగ్గారు. అప్పు ఆగిందా? ఆగలేదు, కాయితం మారింది. నోటు రాయించుకునేవాడు ఏకంగా క్రయదస్తావేజు రాయించుకుని, 'డబ్బు తెచ్చిననాడు తిరిగి రాసిస్తాలే' అని నోటిమాట చెప్పేవాడు. తనఖా అయితే ఎప్పటికైనా విడిపించుకునే హక్కుంటుంది. అమ్మినట్టు రాసి, తిరిగి రాసిచ్చే షరతు ఆ దస్తావేజులోనే లేకపోతే, 1929 నాటి సవరణ తర్వాత కోర్టు దాన్ని తనఖా అనదు. అట్టా పోయిన ఎకరాలు నాకు తెలిసినవే చానా ఉన్నాయి.

ఇక ఐపీ. నువ్వడిగింది అదే గదా. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చినా, మామూలు మనుషుల సంగతి చూసే భాగాన్ని చాలామటుకు అమల్లోకి తేలేదు, కాబట్టి పాతదే నడుస్తోంది. అయిదొందల అప్పులుంటే చాలు, నా వల్ల కాదని పిటిషన్ వేసుకోవచ్చు. ఆ అయిదొందలు 1920 నాటి అంకె, ఇంకా మార్చలేదు! కోర్టు దివాలాదారని తేలిస్తే ఆస్తంతా రిసీవరు చేతికి పోతుంది. ఆయన అమ్మి, అప్పులోళ్లందరికీ దామాషాన పంచుతాడు. అరవయ్యో సెక్షను కింద ముట్టకూడనివి మాత్రం వాడికే ఉంటాయి. తర్వాత కోర్టు విడుదలిస్తే పాత బాకీలు పోతాయి. సర్కారు బాకీలూ, మోసం చేసి తెచ్చినవీ మటుకు పోవు.

నిజంగా మునిగిపోయినవాడికి అది ఒడ్డు. మా రోజుల్లో పొగాకు ధర పడిపోయి ఐపీ పెట్టిన రైతు మొహం చూపించలేక రాత్రిపూట ఊరొదిలి పోయేవాడు. అట్టాంటివాణ్ని నేను తప్పు పట్టను. కానీ పెద్ద కొట్టు పెట్టి, వందమంది రైతుల కాయలు అరువుకు తీసుకుని, ఆస్తి పెళ్లాం పేరునా బామ్మర్ది పేరునా రాసేసి ఐపీ పెట్టేవాడున్నాడే, వాడి వల్ల ఆ చట్టానికి చెడ్డపేరొచ్చింది. అప్పుడు అప్పులోడెవడు? మీరు గుంటూరు యార్డులో యాభై టిక్కీల మిరపకాయలు దించి, కాటా చీటీ జేబులో పెట్టుకుని, 'వచ్చే నెల డబ్బులిస్తాను' అంటే తలూపి వచ్చారే, ఆ నెలంతా మీరే షావుకార్లు. వడ్డీ లేని షావుకార్లు. ఆషాఢంలో విత్తనాల కొట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడేదీ మీరే, మాఘంలో వ్యాపారికి అప్పిచ్చేదీ మీరే. అందుకే నేను బాకీదారు పక్షమా, అప్పిచ్చినవాడి పక్షమా అని అడిగితే, ఏ నెలలో అడుగుతున్నావురా అంటాను.

ఆ వ్యాపారి సంగతికొస్తే, ఐపీ నోటీసులో మీ పేరుంటే ఊరుకోవద్దు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో సరైన వెల లేకుండా అయినవాళ్లకు రాసిచ్చిన ఆస్తుల్ని కోర్టు రద్దు చెయ్యగలదు. మూడు నెలల్లో ఒక్క అప్పులోడికే కావాలని ఎక్కువ ముట్టజెప్పి ఉంటే అదీ రద్దే. కానీ ఎవరో ఒకరు పోయి, బాకీ రుజువు చేసి, ఫలానా పొలం ఫలానా రోజున మార్చాడని చూపించాలి. వందమందిలో పదిమంది కూడా పోరు. బస్సు చార్జీలు, వకీలు ఫీజు దండగని ఇంట్లో కూర్చుంటారు. ఆ వ్యాపారి ధైర్యం కూడా అదే.

ఇంత చెప్పాను గానీ, ఇవన్నీ కోర్టు గడప తొక్కిన బాకీల కథలే. 1987లో పత్తి మీద తెల్లదోమ పడ్డప్పుడు మన గుంటూరు, ప్రకాశం రైతులు ఎన్ని మందులు కొట్టినా అది చావలేదు. మందులన్నీ కొట్టువాడి దగ్గర అరువే. ఆ ఏడూ మరుసటేడూ పురుగుమందు తాగి పోయిన రైతుల్లో ఎవరి మీదా అమీనా వచ్చిన దాఖలా మా ఆఫీసు దాకా రాలేదు. నాకు తెలిసినంతలో కొట్టువాడు దావా వెయ్యడు. పొద్దున్నే వచ్చి వాకిట్లో కూర్చుంటాడు, అంతే. పొద్దుగుంకాక రాకూడదనే సెక్షను అమీనాకే గానీ ఆయనకు లేదు. కౌలు రైతు సంగతి ఇంకా అన్యాయం. 2011లో రుణ అర్హత కార్డులన్నారు, 2019లో సాగుదారు హక్కు పత్రాలన్నారు. ఆ రెండోదానికి పొలం ఆసామి సంతకం కావాలన్నారు. ఎక్కడ పొలం పోతుందోనని ఆయన పెట్టడు. కార్డు లేకపోతే బ్యాంకు లేదు, మళ్లీ కొట్టే దిక్కు.

ఇప్పుడు కొట్లలో నోటు కూడా అడగడం లేదంట గదా, ఖాళీ చెక్కు అడుగుతున్నారంట. ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. నోటు బాకీకి లేనివాణ్ని జైలుకు పంపొద్దని 1980లో కోర్టు చెప్తే, 1989 ఏప్రిల్ నుంచి చెక్కు బౌన్సు కేసులొచ్చాయి. అది క్రిమినల్ కేసు. ఇప్పుడైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. బాకీ అదే, మనిషి అతనే, కాయితం మారితే అమీనా బదులు వారంటొస్తుంది. చెక్కు నిజమైన బాకీకే ఇచ్చిందా అనేది కోర్టు చూస్తుంది, కానీ కాదని చూపించాల్సిన బరువు మన నెత్తినే ఉంటుంది.

మీలో ఎవరెవరిచ్చారో చెప్పండి. సిగ్గుపడే పని కాదిది. అంకె వేసి ఇచ్చారా, సంతకం మాత్రమే పెట్టి ఇచ్చారా? చెక్కు నంబరు ఎక్కడన్నా రాసుకున్నారా? రాసుకోకపోతే మీ దగ్గర చెక్కుబుక్కు మొండెం ఉంటుంది, అందులో చూసుకోండి. ఎంత తెచ్చారు, ఎంత కట్టారు, ఏ తేదీన, ఇవి ఒక పుస్తకంలో రాసి కొట్టువాడి చేత సంతకం పెట్టించండి. కాయలమ్మి బాకీ తీర్చిననాడు డబ్బు ఒక చేత్తో ఇస్తూ చెక్కు ఇంకో చేత్తో తీసుకోండి. తర్వాత ఇస్తాలే బావా అంటే, బాకీ తీర్చడం కూడా తర్వాతే అనండి.